పాత చిక్కుడు ఇత్తనం: పెరట్లో నాటింది మొదలు మళ్లీ గింజ దాచుకునే దాకా

సెప్టెంబర్ వచ్చిందంటే మా వాడలో ఎవరో ఒకరు గోడ మీది నుంచి అడుగుతారు: "అక్కా, పందిరి నిండా ఆకే ఉంది, ఒక్క పువ్వు లేదు. పీకేయాల్నా?" పీకొద్దు. నాటు తీగ చిక్కుడు పెంచేవాళ్లు చేసే తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది అదే. ఇంకో నెల, నెలన్నర ఆగితే గంపల కొద్దీ కాసే తీగను ఓపిక పట్టలేక కొడవలితో కోసేస్తారు. తీగ ఎందుకు ఆలస్యం చేస్తుందో తెలిస్తే ఆ టెన్షన్ ఉండదు. అందుకే గింజ సంపాదించడం దగ్గర మొదలుపెట్టి, మళ్లీ గింజ దాచుకునే దాకా నేను చేసేది చేసినట్టు చెబుతున్నాను.

మా ఇల్లు నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గర. ఎర్ర చెల్క నేల, ఉప్పన బోరు నీళ్లు, రాళ్లు పగిలే ఎండలు. మా అత్తమ్మ పుట్టినిల్లు కల్వకుర్తి వైపు. ఆమె కాపురానికి వస్తూ కొంగున ముడేసుకుని తెచ్చిన గింజలే ఈ రోజుకీ మా పెరట్లో మొలుస్తున్నాయి. ఊదా పూత, పచ్చటి కాయ, కాయ అంచున ఊదా గీత, లోపల నల్ల గింజ. ఈ నేలలో, ఈ నీళ్లతో కాసేది ఈ నేలకు అలవాటు పడిన ఇత్తనమేనని నా గట్టి నమ్మకం.

ముందు గింజ సంపాదించండి

నాటు చిక్కుడులో ఇంటికో రకం ఉంటుంది. తెల్ల పూత పూసి వెడల్పుగా, లేతాకుపచ్చగా కాసేవి కొన్ని. ఊదా పూత పూసి కాయ మొత్తం ఊదాగా ఉండేవి కొన్ని. సన్నగా పొడుగ్గా, కొడవలిలా వంగి ఉండేవి ఇంకొన్ని. చేలల్లో కంది, జొన్నల మధ్య వేసే అనుములు కూడా ఈ జాతివే, కాకపోతే వాటిని గింజ కోసం వేస్తారు. గోరుచిక్కుడు మాత్రం వేరే జాతి, పేరు ఒక్కటే కలిసింది.

గింజ కోసం దుకాణానికి పోకండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మీ ఊళ్లో ఎవరి పందిరి మీద కాయలు ఎండి వేలాడుతున్నాయో చూసి అడగండి. అంగడిలో సొంత చేని కూరగాయలు గంపలో పెట్టుకుని అమ్మే ఆడవాళ్లను అడగండి. "అమ్మా, ఇత్తనానికి నాలుగు ఎండుకాయలు ఇస్తావా" అంటే ఇవ్వని మనిషిని నేను చూడలేదు. అడిగినప్పుడు మూడు సంగతులు తెలుసుకోండి: ఎప్పుడు వేస్తారు, పూత ఏ నెలలో వస్తుంది, ఎన్నేళ్లుగా వేస్తున్నారు. ఆ మూడూ చెప్పగలిగారంటే అది ఆ ఇంటి ఇత్తనమే. కాయను గింజతో సహా, పొట్టుతో సహా తెచ్చుకోండి. కాయను చూస్తే రకం తెలుస్తుంది, ఒట్టి గింజను చూస్తే తెలియదు.

ఒక ఏడాది నేను కూడా తొందరపడి ఒక దుకాణంలో పొట్లం కొన్నాను. అమ్మిన అతను "ఎప్పుడైనా వేయొచ్చు" అన్నాడు. ఫిబ్రవరిలో వేశాను. ఎండాకాలమంతా బిందెలతో నీళ్లు మోశాను. తీగ బ్రహ్మాండంగా పాకింది, కాయ మాత్రం దసరా దాటే దాకా లేదు. ఎప్పుడైనా కాసే పొట్టి రకాలు ఉన్నాయి, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. అవి పందిరి అవసరం లేని పొద చిక్కుళ్లు. మన పందిరి చిక్కుడు ఆ దారిలో నడవదు.

తెచ్చిన గింజలు మొలుస్తాయో లేదో మే నెలలోనే చూసుకోండి. పది గింజలు తడి గుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ ఉంటే నాలుగైదు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. ఎనిమిది మొలిస్తే మంచి ఇత్తనం. ఆరే మొలిస్తే గుంతకు రెండు గింజలు ఎక్కువ వేయండి. మూడూ నాలుగే అయితే వేరే చోట వెతకండి.

ఎప్పుడు వేయాలి, ఎందుకు అప్పుడే

మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. మంచి వాన ఒకటి పడి నేల జానెడు లోతు తడిస్తే అప్పుడు వేయండి. ఆ వాన తప్పిపోతే ఆరుద్రలో, అదీ తప్పితే పునర్వసులో, అంటే జూలై రెండో వారం లోపు. ఆగస్టులో వేసినా కాస్తుంది కానీ తీగ చిన్నగానే ఉండగా పూత వచ్చేస్తుంది, కాపు తగ్గుతుంది.

దీని వెనుక ఉన్న సంగతి పొద్దు. మన దగ్గర జూన్‌లో పగలు సుమారు 13 గంటలు ఉంటుంది. డిసెంబర్‌లో 11 గంటలకు కాస్త ఎక్కువ. నాటు పందిరి చిక్కుడు పగలు తగ్గి రాత్రి పెరిగితేనే పూస్తుంది. ఎండాకాలంలో వేసినా, వానకాలంలో వేసినా అది ఎదురుచూసేది ఆ పొడుగు రాత్రుల కోసమే. అందుకే వానలకు వేసి, ఆ నాలుగు నెలలూ తీగను బలపడనిస్తే, అక్టోబర్ చివర నుంచి పూత మొదలై సంక్రాంతి దాటాక కూడా కాస్తుంది.

దీనికి సంబంధించి నేను కళ్లారా చూసినది ఒకటి చెప్పాలి. మా ఇంటి ముందు కరెంటు స్తంభానికి ఎల్ఈడీ లైటు బిగించిన ఏడాది, పందిరిలో ఆ లైటు వెలుగు పడే మూల మిగతా తీగకంటే చాలా రోజులు ఆలస్యంగా పూసింది. రాత్రంతా వెలుగు పడితే తీగకు అది రాత్రి అనిపించదు. మీ పందిరి చోటు ఎంచుకునేటప్పుడు వీధి లైటు ఎక్కడుందో ఒకసారి చూడండి. పగలు కనీసం ఆరేడు గంటల ఎండ, రాత్రి చీకటి, రెండూ ఉన్న చోటు కావాలి.

గుంత మేలో తవ్వాలి

నలుగురైదుగురు ఉన్న ఇంటికి రెండు గుంతలు చాలు, మూడైతే పక్కింటికి కూడా పెట్టొచ్చు. గుంతకూ గుంతకూ మధ్య ఐదారు అడుగులు వదలండి. ఒక్కో గుంత రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. గడ్డపారతో తవ్వుతుంటే పైన వచ్చే మట్టిని ఒక పక్క, కింద వచ్చే మొరం ఒక పక్క వేసుకోండి. పది, పదిహేను రోజులు గుంతను ఎండకు వదిలేయండి. మే ఎండకు మట్టిలో ఉన్న పురుగు గుడ్లు, కోశాలు చాలావరకు చస్తాయి.

నింపేటప్పుడు మొరం పారేయండి. పై మట్టి, దానికి సమానంగా చెరువు మట్టి, ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు, రెండు పిడికిళ్ల వేప పిండి కలిపి నింపండి. చెల్క నేలకు చెరువు మట్టి ప్రాణం. చెల్క నీళ్లను పట్టి ఉంచదు, పొద్దున పోసింది సాయంత్రానికి ఇంకిపోతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువుల పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్లతో చేలకు తోలుకున్నారు. మేము అప్పుడు తెచ్చుకున్న ఒక్క ట్రాలీ మట్టే మా పెరటిని మార్చేసింది. ఇప్పుడైనా ఎండిన చెరువు దగ్గర నాలుగు తట్టలు తెచ్చుకోగలిగితే తెచ్చుకోండి.

నల్లరేగడి ఉన్నవాళ్ల కష్టం వేరు. అక్కడ ముసురు పట్టిందంటే గుంతలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. మీరు గుంతను నింపాక పైన జానెడు ఎత్తు దిబ్బ చేసి దాని మీద వేయండి, చుట్టూ నీళ్లు పోయే కాలువ తీయండి.

పచ్చి పేడ వేయకండి, చెద పడుతుంది. యూరియా అసలే వద్దు. చిక్కుడు వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి, వాటిలో ఉండే సూక్ష్మజీవులు గాలిలో ఉన్న నత్రజనిని పట్టి తీగకు అందిస్తాయి. దానికి మనం మళ్లీ నత్రజని గుప్పిస్తే ఆకు మీద ఆకు వేస్తుంది, పూత మరిచిపోతుంది.

నాటడం

గుంతకు నాలుగైదు గింజలు, జానెడు ఎడంగా, రెండు వేలి కణుపుల లోతున. నేల తడిగా ఉంటే గింజ నానబెట్టే పని లేదు. నేల పొడిగా ఉంటే నాలుగు గంటలు నానబెట్టండి, రాత్రంతా వద్దు, కుళ్లుతుంది. వారం లోపు మొలక వస్తుంది. కోళ్లు, ఉడతలు మొలకను కొరక్కుండా తుమ్మ కంప అడ్డం పెట్టండి. మూడు నాలుగు ఆకులు వచ్చాక బలమైన రెండు మొక్కలు ఉంచి మిగతావి తీసేయండి. చేతులు రావు, నాకు తెలుసు. కానీ నాలుగూ ఉంచితే నాలుగూ సన్నబడతాయి. పీకితే పక్క వేళ్లు కదులుతాయి కాబట్టి కత్తిరించండి.

పందిరి

మొలక చూశాక పందిరి వేద్దామనుకుంటే ఆలస్యమవుతుంది, నాటిన వారంలోనే కట్టెలు పాతండి. నాలుగు మూలలకు నాలుగు గుంజలు, పదడుగుల చదరం. సర్కారు తుమ్మ మన దగ్గర ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది, గట్టిది, ఖర్చు లేదు. గుంజ కింది రెండడుగులను మంటలో పైపైన కాల్చి నల్లబరచండి, అప్పుడు చెద తొందరగా పట్టదు. రెండడుగులు నేలలో పోగా పైన ఆరడుగులు మిగలాలి. మీరు కింద నిలబడి చేయెత్తితే కాయ అందాలి. అంతకన్నా ఎత్తు వేస్తే కోయలేక కాయలు ముదిరిపోతాయి, తక్కువ వేస్తే వంగి వంగి నడుము నొప్పి.

గుంజల మీద చుట్టూ జీఐ తీగ గట్టిగా బిగించి, అడుగు అడుగుకు సుతిలి తాడు అడ్డం, నిలువు కట్టండి. సుతిలి సన్నదైతే డిసెంబర్‌కు బరువుకు తెగుతుంది. పూర్తిగా కాసిన పందిరి మంచు తడికి ఎంత బరువెక్కుతుందో మొదటిసారి వేసేవాళ్లకు అంచనా ఉండదు. మాది ఒకసారి తెల్లవారుజామున మొత్తం కూలి బర్రె మీద పడింది. అప్పటి నుంచి నడిమధ్యలో ఐదో గుంజ వేస్తున్నాను.

స్థలం లేనివాళ్లు బెంగపడొద్దు. దాబా ఇల్లైతే గోడ పక్కన నేలలోనే వేసి, తాడు పట్టించి దాబా మీదికి ఎక్కించండి, పైన నాలుగు ఎండు కంపలు పరిస్తే అల్లుకుంటుంది. ఎండిన చెట్టు ఉంటే దానికన్నా మంచి పందిరి లేదు. పాత రోజుల్లో కొట్టం మీదికే పాకించేవాళ్లు.

తీగ మూరెడు పెరగగానే ఒక సన్న కర్రకు పట్టించండి. అది తనంతట తాను ఏ వైపు తిరుగుతుందో చూసి ఆ వైపే చుట్టండి, ఎదురు చుడితే విప్పుకుని కింద పడుతుంది. నేల నుంచి పందిరి దాకా వచ్చే పక్క కొమ్మలను గిల్లేయండి, ఒకటి రెండు తీగలే పైకి పోవాలి. పందిరి ఎక్కాక ఒక అడుగు పాకనిచ్చి కొసను గిల్లండి. ఆ గిల్లిన చోటి నుంచి కొమ్మలు నాలుగు దిక్కులా విచ్చుకుంటాయి. ఈ ఒక్క పని చేసిన పందిరికీ చేయని పందిరికీ కాపులో తేడా మీరే చూస్తారు.

నీళ్లు

మన జిల్లాల్లో దీని గురించి విడిగా చెప్పాలి. నల్లగొండ పేరు చెబితే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరే పడింది. పెరటి మొక్కకు వెంటనే కనపడే కష్టం మాత్రం బోరు నీళ్లలోని ఉప్పు. గుంత చుట్టూ మట్టి మీద తెల్లటి పొర కడుతుంటే, ఆకు అంచులు కాలినట్టు ఎండుతుంటే అది ఉప్పే. వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకోండి, నల్లా నీళ్లు మిగిలితే అవి పోయండి. బోరు నీళ్లే దిక్కైతే రోజూ కొంచెం కొంచెం పోయకుండా, నాలుగు రోజులకోసారి నిండుగా పోయండి, అప్పుడు ఉప్పు కిందికి దిగిపోతుంది. గుంత మీద ఎండుగడ్డి, చెరుకు పిప్పి, రాలిన ఆకులు ఏవైనా మందంగా కప్పండి.

ఆర్‌ఓ ప్లాంటు దగ్గర వృథాగా పోయే నీళ్లు మొక్కలకు పోస్తే మంచిదని కొందరు బిందెలతో తెచ్చుకుంటారు. వద్దు. మంచి నీళ్లను వేరు చేశాక మిగిలిన ఉప్పంతా ఆ నీళ్లలోనే ఉంటుంది. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు మాత్రం నిరభ్యంతరంగా పోయండి.

ఆకే ఉంది, పూత లేదు

ఇక ఆ సెప్టెంబర్ సంగతి. ఈ నెలలో మీరు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి, చేయకూడనివి ఎక్కువ ఉన్నాయి. ఎరువు వేయకండి. నీళ్లు కొంచెం తగ్గించండి, మట్టి పైన ఆరినట్టు కనిపించాకే పోయండి. పందిరి కింద చీకటిగా ఉండేంత ఆకు ఉంటే, లోపలి ముదురాకులు దూసి మేకలకు వేయండి, గాలి, వెలుతురు లోపలికి పోవాలి. కట్టెల పొయ్యి బూడిద ఉంటే రెండు పిడికిళ్లు గుంత చుట్టూ చల్లి మట్టిలో కలపండి, అందులో ఉండే పొటాష్ పూతకు పనికొస్తుంది. అంతే. బతుకమ్మ అయ్యాక రోజూ పొద్దున ఆకు సందుల్లో చూస్తూ ఉండండి. సన్నటి కంకుల్లాంటి మొగ్గల గెలలు కనిపిస్తాయి.

మొగ్గ కనిపించిన రోజు నుంచి లెక్క మారుతుంది. ఇప్పుడు నీళ్లు తప్పకూడదు, ఎండబెడితే పూత రాలుతుంది. జీవామృతం ఇవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడు ఇవ్వండి: 20 లీటర్ల నీళ్లలో కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, పిడికెడు గట్టు మట్టి. నీడలో రెండు రోజులు, రోజుకు రెండు పూటలు కర్రతో కలిపి, గుంతకు రెండు మూడు లీటర్లు పోయండి. పక్షానికోసారి చాలు.

పూత మీద పొద్దున నల్ల తుమ్మెదలు, తేనెటీగలు తిరుగుతాయి. అవి తిరిగే వేళ ఏ మందూ కొట్టకండి, వేప కషాయమైనా సరే సాయంత్రమే.

పురుగులు

చలి ముదిరి మబ్బు పట్టిన రోజుల్లో లేత కొసలకు, గెలలకు నల్లగా పేనుబంక అంటుకుంటుంది. ముందు చీమల బారు కనిపిస్తుంది, అదే గుర్తు. మొదటి రోజే చూస్తే వేళ్లతో నలిపేయొచ్చు, లేదా పైపుతో నీళ్లు గట్టిగా కొట్టొచ్చు. మా అత్తమ్మ మంచు తడి ఉండగానే జల్లెడతో బూడిద చల్లేది, నేనూ అదే చేస్తాను. ఆగకపోతే లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేప నూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి కొట్టండి. పేనుబంక మధ్యలో చిన్న మొసలి పిల్లల్లాంటి నల్లటి పురుగులు కనిపిస్తే చంపకండి. అవి అక్షింతల పురుగు పిల్లలు, పేనును తినేవి అవే.

పూలను, పిందెలను గూడులా అల్లి లోపల కూర్చుని తినే పురుగు ఇంకొకటి, మరుకా మచ్చల పురుగు. గూడు కనిపిస్తే తెంపి నలిపేయండి. ఎక్కువగా ఉంటే వేప గింజల కషాయం: ఎండు వేప పప్పు 50 గ్రాములు కచ్చాపచ్చాగా దంచి, గుడ్డలో కట్టి లీటరు నీళ్లలో రాత్రంతా ఉంచి, పిండి వడకట్టి, సబ్బు చుక్కలు కలిపి సాయంత్రం కొట్టండి. ఏ రోజు చేసింది ఆ రోజే వాడాలి. జూన్, జూలైలో రాలిన వేప పండ్లు ఏరి ఎండబెట్టి పెట్టుకుంటే ఈ పని సులువు.

కాండానికి గుంపుగా అతుక్కుని, ముట్టుకుంటే కంపు కొట్టే గుండ్రటి పురుగులు కూడా వస్తాయి. చేతికి కవరు తొడుక్కుని దూసి సబ్బు నీళ్ల బకెట్‌లో వేయడమే మార్గం. ఆకు మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు వస్తే పుల్లటి మజ్జిగ పదింతలు నీళ్లతో కలిపి కొట్టండి. ఆకు పసుపు మచ్చలతో ముడుచుకుపోయే మొక్క ఉంటే మాత్రం జాలిపడకుండా పీకి కాల్చేయండి, దాని గింజ దాచకండి. మీకు అంతుపట్టనిది కనిపిస్తే ఒక కొమ్మ తెంపుకుని దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి పోండి. నల్లగొండ వైపు కంపాసాగర్‌లో, సూర్యాపేట వైపు గడ్డిపల్లిలో, నాగర్‌కర్నూల్ వైపు పాలెంలో ఉన్నాయి.

కోతుల సంగతి రాయకుండా ఉండలేను. ఇప్పుడు మన ఊళ్లలో పెరడు వదిలేసుకున్నవాళ్లు పురుగుకు భయపడి వదల్లేదు, కోతులకు భయపడి వదిలారు. పందిరి మీద, నాలుగు పక్కలా పాత చేపల వల దించి కింద రాళ్లు పెట్టడం ఒక్కటే నాకు కొంతైనా పనిచేసింది. తీగ వల రంధ్రాల్లో నుంచి బయటికి వస్తుంది, ఆ బయటికి వచ్చింది కోతులకు, లోపల ఉన్నది మనకు. వల కొనలేనివాళ్లు పందిరిని వంటింటి కిటికీ ముందు వేసుకోండి, మనిషి అలికిడి ఉన్న చోటికి అవి తక్కువ వస్తాయి.

కోయడం, తినడం

కాయలో గింజ కొంచెం ఉబ్బి, వంచితే టక్కున విరిగే దశలో కోయాలి. నాలుగైదు రోజులకోసారి తప్పకుండా కోయండి. ముదిరిన కాయలు పందిరి మీద మిగిలితే తీగ గింజ మీద పడుతుంది, కొత్త పూత తగ్గుతుంది. కాయను మాత్రమే తెంపండి, గెల కాడను లాగొద్దు. కింది కాయలు కోతకు వచ్చేసరికి అదే గెల కొసన ఇంకా పూలు పూస్తుంటాయి.

లేత కాయకు రెండు పక్కలా ఈనెలు తీసి, చేత్తో తుంచి, టమాట వేసి, చివర్లో వేయించిన నువ్వుల పొడి చల్లితే జొన్న రొట్టెలోకి అంతకన్నా మంచి కూర నాకు తెలియదు. పచ్చిగా మాత్రం తినకండి, పిల్లలను తిననివ్వకండి. ముఖ్యంగా ఎండిన గింజల్లో విషపు గుణం ఉంటుంది, నల్ల గింజల విషయంలో ఇంకా జాగ్రత్త. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించి, ఆ ఉడికిన నీళ్లూ వంచేశాకే తాళింపు వేయాలి.

రథసప్తమి నాటికి పందిరి మీద ఇంకా ఆకు పచ్చగానే ఉంటుంది. చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి రథం చేసి, చిక్కుడాకులో పాయసం పెట్టే ఇళ్లవాళ్లు ఆ పొద్దున మన గుమ్మంలో ఉంటారు. ఆ రోజుకు నాలుగు మంచి ఆకులు ఉంచండి.

ఇత్తనం దాచుకోవడం

ఇది చివర్లో చేసే పని అనుకుంటారు. డిసెంబర్‌లోనే మొదలుపెట్టాలి. పందిరిలో ఏ తీగ తెగులు లేకుండా ఉంది, ఏది ముందు పూసింది, ఏది గెలకు ఎక్కువ కాయలు పట్టింది, చూసి దానికి ఎర్ర గుడ్డ పీలిక కట్టండి. ఆ తీగలో బాగున్న పది, పదిహేను గెలలను కోయకుండా వదిలేయండి. చాలామంది కూరకు కోయగా మిగిలిన చివరి కాయలను ఇత్తనానికి ఉంచుతారు. అవి తీగ అలిసిపోయాక, నీళ్లు తగ్గాక, ఎండ ముదిరాక వచ్చినవి, గింజ పీలగా ఉంటుంది. ఏడాదికేడాది అలా చేస్తే ఇత్తనం నీరసపడిపోతుంది. కడుపు కట్టుకుని మంచి కాయను గింజకు వదలాలి.

పక్కపక్కనే రెండు రకాలు వేస్తే తుమ్మెదల వల్ల కొంత కలుస్తుంది. చిక్కుడు పువ్వు ఎక్కువగా తనలో తానే గర్భం కడుతుంది కానీ పూర్తిగా కాదు. పెరటికి ఒకే రకం వేయడం మంచిది. రెండు కావాలంటే ఇత్తనానికి ఉంచే గెలలకు మొగ్గ విచ్చకముందే దోమతెర గుడ్డ సంచి కట్టి, పిందెలు పడ్డాక తీసేయండి. గింజ రంగు మారినట్టు కనిపిస్తే ఆ గింజలను పక్కకు తీయండి.

కాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలమనాలి. అప్పుడు కోసి, ఒలిచి, పొద్దుటెండలో మూడు నాలుగు రోజులు ఆరబెట్టండి. నడిమధ్యాహ్నపు ఎండ, సిమెంటు దాబా వద్దు. పంటితో కొరికితే గాటు పడకూడదు, అదే ఆరిందని గుర్తు. ముడతలు పడ్డవి, చిల్లులున్నవి, రకానికి తగని రంగువి ఏరేయండి.

పుచ్చు పురుగు తీగ మీద ఉన్న కాయకే గుడ్లు పెడుతుంది, పిల్ల పురుగు గింజలోకి దూరి, డబ్బాలో వేశాక బయటపడుతుంది. అందుకే మా అత్తమ్మ మట్టి గురిగిలో ఒక వరుస జల్లించిన బూడిద, ఒక వరుస గింజ, మధ్యలో ఎండిన వేపాకు వేసి, మూతికి గుడ్డ కట్టి పైన పేడతో అలికేది. నేను గింజలకు నాలుగు చుక్కల ఆముదం పట్టించి, గాజు సీసాలో గట్టిగా మూత పెట్టి, చీకటి మూలన పెడుతున్నాను. బాగా ఆరిన గింజ సీసాను ఫ్రిజ్‌లో పెట్టినా మంచిదే. సీసాకు కాగితం అంటించి ఏడాది, ఊరు, పూత రంగు రాయండి. బయట ఉంచితే రెండు, మూడేళ్లు బాగా మొలుస్తాయి, తరువాత తగ్గుతుంది. కాబట్టి ఏటా కొంతైనా వేయాల్సిందే.

గింజలను రెండు ఇళ్లలో ఉంచండి. అత్తమ్మ చిన్నప్పుడు పాలమూరు ఊళ్లలో బొంబాయి, పూణేలకు మట్టి పనికి పోయే ఇళ్లవాళ్లు ఇత్తనపు గురిగిని పక్కింట్లో అప్పజెప్పి పోయేవాళ్లట. తిరిగొచ్చాక సగం వాళ్లకు ఇచ్చి సగం తెచ్చుకునేవాళ్లట. ఒక ఏడు వానలు లేక మా పందిరి పూర్తిగా ఎండిపోయింది, గురిగిలో ఉన్నది కూడా పుచ్చిపోయింది. నేను అంతకు ముందేడు చింతపల్లిలో ఉన్న మా ఆడబిడ్డకు ఇచ్చిన గింజల నుంచే మళ్లీ మా ఇంటికి ఇత్తనం వచ్చింది. ఇలా ఇచ్చిపుచ్చుకోవడానికి, సొంత పంట గింజను బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవడానికి కూడా 2001 నాటి వృక్ష రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం హక్కు ఇస్తోంది, భయపడాల్సింది లేదు.

మార్చికి తీగ ఆకు రాలుస్తుంది. దాన్ని పీకొద్దు, నేలకు సమానంగా కోసి వేళ్లు మట్టిలోనే వదిలేయండి, వాటి బుడిపెల సత్తువ నేలకు దక్కుతుంది. మోకాలెత్తున కత్తిరించి నీళ్లు పోస్తే రెండో ఏడూ కాస్తుంది కానీ ఎండాకాలమంతా నీళ్లు మోయాలి, పురుగు కూడా అందులోనే కాపురం పెడుతుంది, నేనైతే ఉంచను. అదే గుంతలో మరుసటి ఏడు బీరో, సొరో వేసి, చిక్కుడుకు పక్కన కొత్త గుంత తీయండి. మేలో ఆ గుంత తవ్వే రోజు సీసా మూత తీసి, పది గింజలు తడి గుడ్డలో కట్టి పెట్టండి.